రూట్ చేసిన ఫోన్‌లో సిస్టమ్ ఫైళ్లు మార్చేవాళ్లు రీబూట్ కొట్టే ముందు చూస్కోవాల్సినవి

మొన్న ఆదివారం రాత్రి మా బాబాయి కొడుకు వాళ్లమ్మ ఫోన్ నుంచి కాల్ చేశాడు, అన్నా నా ఫోన్ ఆన్ అవ్వట్లేదు, లోగో దగ్గరే ఆగిపోయింది అని. ఏం చేశావురా అంటే గేమ్‌లో ఎక్కువ ఎఫ్‌పీఎస్ ఆప్షన్ వస్తుందని ఎవరో వీడియోలో చెప్తే బిల్డ్ డాట్ ప్రాప్ ఫైల్‌లో (ఫోన్ మోడల్, సెట్టింగులు రాసుండే సిస్టమ్ ఫైల్) మోడల్ పేరు మార్చి తీసుకెళ్లి సిస్టమ్‌లో పెట్టాడంట. ఆండ్రాయిడ్ 7 ఉన్న పాత ఫోన్, రూట్ చేసింది, అంటే కంపెనీ మూసేసిన సిస్టమ్ ఫైళ్లు కూడా మార్చగలిగేలా తెరిచింది. పర్మిషన్ (ఆ ఫైల్‌ని ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు రన్ చేయొచ్చు అన్నది) ఏం పెట్టావ్ అనడిగా, ఏది పెట్టాలో తెలీక తొమ్మిది బాక్సులూ టిక్ పెట్టా అన్నాడు. అప్పుడే అర్థమైపోయింది నాకు. ఇంకేం ముట్టుకోకు, ఎవరికీ ఇవ్వకు, పొద్దున్నే వస్తా అన్నా. వాడు ఆగలేకపోయాడు, తెల్లారగానే షాపుకి తీసుకెళ్లాడు, షాపతను మొత్తం ఫ్లాష్ కొట్టి, అంటే లోపలున్నది తుడిచి సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించి, ఇచ్చాడు. ఫోన్ అయితే ఆన్ అయింది. మా బాబాయి పోయి ఏడాదిన్నర, ఆయన గొంతు ఉన్న వాయిస్ మెసేజ్‌లన్నీ ఆ ఫోన్‌లోనే ఉండేవి, ఇంకెక్కడా లేవు. పర్మిషన్ సరిచేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పనికి అవన్నీ పోయాయి.

అందుకే రాస్తున్నా. బ్యాకప్ తీస్కోండి, ఛార్జింగ్ ఉంచండి, వారంటీ పోతది, బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి, ఇవన్నీ ప్రతి వీడియోలో ఉంటాయి కాబట్టి నేను మళ్లీ చెప్పను.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే

ఫైల్ కాపీ చేసి, పర్మిషన్ చూడకుండా రీబూట్ కొట్టడం. నా దగ్గరికొచ్చిన ఫోన్లలో చాలావరకు ఇదే కథ. ఫైల్ మంచిదే, పెట్టిన చోటూ కరెక్టే, పర్మిషన్ ఒక్కటే తేడా.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మళ్లీ మర్చిపోరు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, మెమరీ కార్డులో ఉన్న ఫైళ్లకి సొంత పర్మిషన్ అంటూ నిలవదు, అక్కడ అన్నిటికీ ఒకే రకంగా సిస్టమే చూపిస్తుంది. అక్కడి నుంచి సిస్టమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసినప్పుడు ఫైల్ మేనేజర్ తనకి తోచిన పర్మిషన్‌తో పెడుతుంది, చాలాసార్లు అది 600 లేదా 660 అవుతుంది. ఈ మూడంకెలు వరసగా ఓనర్‌కి, గ్రూప్‌కి, అదర్స్‌కి (మిగతా అందరికీ), ఒక్కో అంకెలో రీడ్‌కి 4, రైట్‌కి 2, రన్‌కి 1 కలుస్తాయి. 600 అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేరు. ఇక్కడ ఓనర్ రూట్, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్. కానీ ఫోన్‌ని నడిపే సిస్టమ్ సర్వర్ రూట్ కాదు, దాని యూజర్ నంబర్ 1000. ఫైల్ కళ్ల ముందే ఉన్నా అది తెరవలేదు. ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్‌లో (ఆండ్రాయిడ్ మూల ఫైళ్లుండే చోటు) ఉండే ఏపీకేకి, అంటే యాప్ ఫైల్‌కి, ఇలా జరిగితే ఫోన్ లోగో దాటి రాదు, సిస్టమ్ యూఐకి జరిగితే పైన బార్, కింద బటన్లు ఏవీ లేని నల్ల స్క్రీన్ వస్తుంది.

సరే తక్కువైతే ప్రాబ్లం కదా, అన్నీ ఇచ్చేద్దాం అని 777 పెడతారు. మా తమ్ముడు చేసింది అదే. ఆ తరం ఫోన్లలో ఆండ్రాయిడ్ మొదలవ్వగానే ముందు లేచే ఇనిట్ అనే ప్రోగ్రామ్ బిల్డ్ డాట్ ప్రాప్ చదివేముందు ఒకటి చెక్ చేస్తుంది, గ్రూప్‌కి గానీ అదర్స్‌కి గానీ రైట్ పర్మిషన్ ఉంటే ఈ ఫైల్‌ని ఎవరైనా మార్చేసి ఉండొచ్చని మొత్తానికి పక్కన పెట్టేస్తుంది. అంటే ఫైల్ ఉన్నా లేనట్టే. కాబట్టి 777 మందు కాదు.

మామూలు ఫైల్ ఏదైనా 644, అంటే ఓనర్‌కి రీడ్ రైట్, గ్రూప్‌కి రీడ్, అదర్స్‌కి రీడ్, మొత్తం నాలుగే టిక్‌లు. ఫోల్డర్లకి 755. బిన్ ఫోల్డర్‌లో ఉండే రన్ అయ్యే ఫైళ్లకి కూడా 755. ఓనర్ రూట్. ఇంకా డౌట్ ఉంటే పక్కనే ఉన్న పాత ఫైల్‌కి ఏముందో చూసి అదే పెట్టండి.

పద్ధతి

ఫైల్‌ని డైరెక్ట్‌గా అసలు చోటులో పడేయొద్దు. ముందు సిస్టమ్ ఫోల్డర్‌లో పైనే, ఏ లోపలి ఫోల్డర్‌లోకీ పోకుండా పెట్టండి, అక్కడే 644 చేయండి, బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లి నిజంగా మారిందా చూడండి, అప్పుడు అసలు చోటుకి మూవ్ చేయండి. ఒకే పార్టిషన్‌లో (స్టోరేజ్‌లో ఒకే భాగంలో) మూవ్ అంటే పేరు మారడమే కాబట్టి క్షణంలో అయిపోతుంది, పెట్టిన పర్మిషన్ కూడా అలాగే ఉంటుంది. మెమరీ నుంచి సిస్టమ్‌కి మూవ్ చేస్తే మాత్రం అది కాపీ చేసి ఆ తర్వాత డిలీట్ చేయడం, మధ్యలో సిస్టమ్‌లో చోటు అయిపోతే సగం ఫైలే మిగులుతుంది. అందుకే బయటి నుంచి తెచ్చేటప్పుడు కట్ వద్దు, కాపీనే చేయండి. కాపీ అయ్యాక సైజు చూడండి, జీరో బైట్ ఫైళ్లు నేను చాలానే చూశా.

ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లు, ఆ తర్వాతవి ఉన్నవాళ్లు అసలు సిస్టమ్‌లో రాసే ప్రయత్నమే చేయకండి, వాటిలో చాలావరకు రీడ్ రైట్‌గా మౌంటే అవ్వవు, అంటే సిస్టమ్ రాయడానికి తెరుచుకోదు. మ్యాజిస్క్ (సిస్టమ్‌ని ముట్టుకోకుండా రూట్ ఇచ్చే టూల్) మాడ్యూల్‌గా, అంటే దానికి తగిలించే ప్యాక్‌గా పెట్టుకోండి, తెలుగు ఫాంట్ అయినా హోస్ట్స్ ఫైల్ (ఏ సైట్ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో రాసుండే ఫైల్) అయినా అసలు సిస్టమ్ చెక్కుచెదరదు, తేడా వస్తే మాడ్యూల్ తీసేస్తే చాలు. మాడ్యూల్ లోపలి ఫైళ్లకి కూడా పర్మిషన్ చూడాల్సిందే.

మిగతావి గుర్తొచ్చినట్టు రాస్తున్నా, ఒక్కటీ వదలొద్దు:

- టీడబ్ల్యూఆర్‌పీ లాంటి కస్టమ్ రికవరీ (ఆండ్రాయిడ్ లేవకపోయినా ఫైళ్లు సరిచేసుకోవడానికి విడిగా తెరుచుకునే మెనూ) లేకుండా మొదలుపెట్టొద్దు. ఉందనుకోవడం కాదు, ఒకసారి అందులోకి వెళ్లి సిస్టమ్ మౌంట్ అవుతుందో లేదో చూసి రండి.
- ఆండ్రాయిడ్ 5 నుంచి ప్రతి ఏపీకేకి సొంత ఫోల్డర్ ఉంటుంది. ఫోల్డర్‌కి 755, లోపలి ఏపీకేకి 644. పాత ఏపీకేని పేరు మార్చి అదే ఫోల్డర్‌లో ఉంచొద్దు, పేరు చివర డాట్ ఏపీకే అలాగే ఉంటే ఫోన్ రెండిటినీ కలిపి ఒకే యాప్ అనుకుని చదవబోయి ఫెయిల్ అవుతుంది.
- ప్రివ్ యాప్ ఫోల్డర్‌లో (ప్రత్యేక అధికారాలున్న సిస్టమ్ యాప్‌లుండే చోటు) కొత్త యాప్ పెడుతున్నారా? ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ యాప్ అడిగే పర్మిషన్లు (ఫైల్ పర్మిషన్ వేరు) అనుమతి లిస్టులో లేకపోతే కొన్ని ఫోన్లు బూటే అవ్వవు.
- కంప్యూటర్‌లో ఎడిట్ చేస్తే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడండి. పాత నోట్‌ప్యాడ్ లైన్ చివర కనపడని అక్షరం చేరుస్తుంది.
- ఫోన్ నడుస్తుండగా ఫ్రేమ్‌వర్క్ ఏపీకేని ఓవర్‌రైట్ చేయొద్దు. రికవరీ నుంచే.
- ఒకసారి ఒక్క ఫైలే. రీబూట్. బాగుంటే తర్వాతది.
- వేరే మోడల్ ఫోన్ ఫైల్ తెచ్చి పెట్టొద్దు.
- సిస్టమ్‌ని ఒక్కసారి రీడ్ రైట్‌గా మౌంట్ చేసినా చాలు, కంపెనీ అప్‌డేట్ ఫెయిల్ అవ్వొచ్చు. అప్‌డేట్ నోటిఫికేషన్ వచ్చిందని నొక్కేయొద్దు.
- మార్చిన సిస్టమ్ మీద బూట్‌లోడర్ (ఆండ్రాయిడ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) లాక్ చేయొద్దు. ఎవరు చెప్పినా సరే చేయొద్దు.
- రీబూట్ ముందు పర్మిషన్ చూడండి.
- లోగో దగ్గర ఆగిపోతే కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టొద్దు. రీసెట్ మీ ఫొటోలు తుడుస్తుంది కానీ సిస్టమ్‌లో మీరు పెట్టిన తప్పు ఫైల్‌ని ముట్టుకోదు.
- రికవరీలోకి వెళ్లండి, సిస్టమ్ మౌంట్ చేయండి, అడ్వాన్స్‌డ్‌లో ఫైల్ మేనేజర్, ఆ ఫైల్, 644. ముందు ఇది. ఇది చేశాకే ఇంకేదైనా.
- అప్పటికీ రాకపోతే రికవరీలో ఉండగానే కేబుల్ పెట్టి ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు కంప్యూటర్‌లోకి లాక్కోండి. ఫ్లాష్ ఆ తర్వాత.
- షాపుకి ఇవ్వక తప్పకపోతే డేటా తుడవకుండా చేయగలరా అని ముందే అడగండి. ఫార్మాట్ చేస్తేనే వస్తుంది అంటే ఫోన్ వెనక్కి తీసేసుకోండి, తెలిసినవాళ్లు దొరికేదాకా స్విచ్ఛాఫ్ చేసి ఇంట్లో పెట్టండి, వారం ఆగినా లోపలున్నవి ఎక్కడికీ పోవు.