ఉబుంటు, మ్యాక్ డొమైన్‌లోకి లాగిన్ అవ్వట్లేదా? పాస్‌వర్డ్ రీసెట్ కొట్టే ముందు ఇవి చూడండి

సమస్య: ల్యాబ్‌లో విండోస్ మెషీన్లన్నీ యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లోకి (స్కూలు యూజర్లు, పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట ఉంచే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) శుభ్రంగా లాగిన్ అవుతున్నాయి. పక్కనే ఉన్న ఉబుంటు (లినక్స్), మ్యాక్ మాత్రం అదే యూజర్‌కి, అదే పాస్‌వర్డ్‌కి తప్పు అంటున్నాయి. ముందు పాస్‌వర్డ్ రీసెట్ చేస్తారు. కుదరకపోతే డొమైన్ నుంచి తీసి మళ్లీ జాయిన్ చేస్తారు. అదీ కాకపోతే ఫార్మాట్. ఇవన్నీ అయ్యాక నాకు ఫోన్ వస్తుంది.

ముందు డీఎన్ఎస్

"ఇంటర్నెట్ వస్తోంది కదా సార్, నెట్‌వర్క్ బాగానే ఉంది" అంటారు. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే ఆ మెషీన్ అడ్రస్ చెప్పే సర్వర్. ఇంటర్నెట్ రావడానికి గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 చాలు. మీ స్కూలు డొమైన్ ఎక్కడుందో దానికేం తెలుసు? క్లయింట్‌లో (అంటే లాగిన్ అయ్యే మెషీన్‌లో) డీఎన్ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ని నడిపే సర్వర్) ఐపీ మాత్రమే ఉండాలి. రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8ని "సేఫ్టీకి" పెడతారు చూడండి, ఒకసారి లాగిన్ అయి ఇంకోసారి అవ్వకపోవడానికి తరచూ కారణం ఆ సేఫ్టీయే. ఒక్కో మెషీన్‌లో కాదు, అన్నిటికీ ఐపీ, డీఎన్ఎస్ పంచే డీహెచ్‌సీపీలోనే మార్చండి.

అది సరిగ్గా ఉన్నా లాగిన్ అవ్వకపోతే, టైమ్

"టైమ్ చూశాం సార్, కరెక్టే" అని వెంటనే జవాబు వస్తుంది. నన్ను ఎక్కువగా ఏడిపించింది ఈ మాటే.

డొమైన్ లాగిన్ వెనక ఉండి మీరెవరో సరిచూసే కెర్బరోస్, మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అది చూసేది స్క్రీన్ మీద గడియారాన్ని కాదు, లోపలి యూటీసీ టైమ్‌ని (మన టైమ్ కన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్).

ఒకే మెషీన్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయనుకోండి. ఉదయం 10 గంటలకు విండోస్ మదర్‌బోర్డు గడియారంలో 10:00 అనే రాసి పెడుతుంది. తర్వాత ఉబుంటు ఎక్కి, ఆ 10ని యూటీసీ అనుకుని, అయిదున్నర గంటలు కలిపి 15:30 చూపిస్తుంది. ఇంట్లో అయితే నెట్ తగలగానే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే పద్ధతి) సరిచేసేస్తుంది. స్కూలు ఫైర్‌వాల్‌లో దాని దారి, యూడీపీ 123 పోర్టు, మూసి ఉంటే ఇక సరిచేసే దిక్కు లేదు.

అక్కడితో ఆగితే తప్పు కంటికి కనిపిస్తుంది. కానీ ఎవరో ఒకరు గడియారం తేడాగా ఉందని టైమ్ జోన్‌ని యూటీసీకి మార్చేస్తారు. స్క్రీన్ మీద ఠక్కున 10 వస్తుంది, అందరికీ హాయి. లోపల మాత్రం అయిదున్నర గంటల తేడా అలాగే ఉంది. కొత్త మ్యాక్‌లోనూ ఇదే కథ: జోన్ కుపర్టినోలోనే (అమెరికాలో యాపిల్ ఉన్న ఊరు) వదిలేసి, ముళ్లు మాత్రం చేత్తో తిప్పి మన టైమ్‌కి తెస్తారు.

కాబట్టి స్క్రీన్ మూల గడియారం వదిలేయండి. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) కొట్టి యూనివర్సల్ టైమ్ అన్న వరుస చూడండి. గోడ మీద 10 అయితే అక్కడ 4:30 ఉండాలి. మ్యాక్‌లో డేట్ కమాండ్ పక్కన హైఫన్, చిన్న యూ (date -u) పెడితే అదే తెలుస్తుంది.

పరిష్కారం: ముందు జోన్‌ని ఏషియా/కోల్‌కతా చేయండి. చేయగానే ఉబుంటు గడియారం అయిదున్నర గంటలు ముందుకు దూకుతుంది. కంగారుపడి వెనక్కి మార్చకండి, అసలు తప్పు బయటపడింది అంతే. తర్వాత ఎన్‌టీపీ సర్వర్‌గా డొమైన్ కంట్రోలర్‌నే ఇవ్వండి. ఉబుంటు లాగ్‌లో రూట్ డిస్టెన్స్ (సర్వర్ టైమ్‌లో ఎంత తప్పు ఉండొచ్చన్న అంచనా) ఎక్కువుందని వస్తే, ఉబుంటులో టైమ్ సరిచేసే టైమ్‌సింక్‌డీ సెట్టింగ్‌లో 5 సెకన్లుగా ఉన్న ఆ పరిమితిని పెంచాలి. చివరగా, మదర్‌బోర్డులో ఉన్నది లోకల్ టైమ్ అని ఉబుంటుకి చెప్పండి. అది హెచ్చరిక చూపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. వేసవికీ చలికాలానికీ గంట మార్చే దేశాల్లో అది చిక్కే, మనకా గొడవ లేదు.

ఒక్కోసారి మ్యాక్ టైమే కరెక్ట్, తప్పు సర్వర్‌ది, అంటే డొమైన్ కంట్రోలర్‌ది. డొమైన్‌లోని విండోస్ మెషీన్లన్నీ సర్వర్‌నే చూసి టైమ్ పెట్టుకుంటాయి కాబట్టి అన్నీ కలిసి తప్పులో ఉంటాయి, హాయిగా లాగిన్ అవుతాయి. బయటి నుంచి సరైన టైమ్ తెచ్చుకున్న మ్యాక్ ఒక్కటే దోషిలా నిలబడుతుంది. మెయిన్ కంట్రోలర్‌ని ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్‌కు కట్టండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలూ కంపెనీలకు అదే చెప్పాయి. వేసవి సెలవుల్లో కరెంటు మెయిన్ ఆపేసి, తెరిచిన రోజు సర్వర్ టైమ్ పాతకాలానికి వెళ్లిపోతే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి, వాచీల షాపులోనూ దొరుకుతుంది.

మిగతావి అరుదు

లాగిన్ అయ్యాక పాత స్టోరేజ్ బాక్స్ ఒక్కటే తెరుచుకోకపోతే అది ఎస్ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పాత, భద్రత లేని పద్ధతి) కాలం నాటిది కావచ్చు. దానికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వెతకండి, విండోస్‌లో ఎస్ఎంబీ1 మళ్లీ ఆన్ చేయకండి. పాత మ్యాక్ డిస్క్ నుంచి కాపీ చేసిన తెలుగు పేర్ల ఫైళ్లలో ఐత్వం (కై, మై లాంటివి) ఉన్నవి లినక్స్‌లో ఒకే పేరుతో రెండు కనిపించవచ్చు, ఒకదాని పేరు మార్చేయండి. వైఫైలో మాత్రమే ఏదీ దొరక్కపోతే యాక్సెస్ పాయింట్‌లో క్లయింట్ ఐసోలేషన్ (వైఫై మెషీన్లను మిగతావాటికి తగలనివ్వని సెట్టింగ్) ఆన్ అయి ఉందేమో చూడండి.