గుత్తకా, రోజు కూలీకా? ఇంటి రిపేర్లకి మేస్త్రీతో బేరం కుదుర్చుకునే పద్ధతి

మా ఇల్లు కాకినాడలో. సముద్రపు గాలికి స్లాబులో ఇనుము తుప్పు పట్టడం ఇక్కడ ఇంటింటి గొడవే. అందుకని ఏడాదికోసారైనా మేస్త్రీ గుమ్మం ఎక్కాల్సిందే. వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే: "గుత్తకిచ్చేస్తారా అమ్మగారూ, రోజు కూలీ మీద చేయించుకుంటారా?" మా ఆయన ఉద్యోగం పేరు చెప్పి ఊళ్లు తిరుగుతారు కాబట్టి బేరాలన్నీ నావే. రెండిట్లో ఏది చవక అని మా చెల్లెళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. చవక సంగతి తరవాత, ముందు పని చూడమంటాను. మొదలెట్టకముందే టేపు పెట్టి కొలవగలిగిన పనైతే గుత్త. విప్పితే గానీ లోపల ఏముందో తెలియని పనైతే రోజు కూలీ.

స్లాబు పెచ్చులే తీసుకోండి. వంటింటి కప్పుకి అరచెయ్యంత పెచ్చు ఊడి కింద పడింది, లోపల ఊచ ఎర్రగా కనిపిస్తోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. కాబట్టి ఊడింది అరచెయ్యంతే అయినా, సుత్తితో కొట్టుకుంటూ పోతే డొల్ల శబ్దం మంచమంత మేర రావచ్చు. ఆ మేరంతా చెక్కాలి, ఊచ వెనక వైపు కూడా వేలు దూరేంత సందు చెయ్యాలి, వైరు బ్రష్షుతో ఇనుము రంగు తేలేదాకా రుద్దాలి. దీన్ని గుత్తకి అడిగితే మేస్త్రీ ఏం చేస్తాడు? ఎంత చెక్కాల్సొస్తుందోనని భయపడి రెట్టింపు చెప్తాడు. లేదంటే తక్కువకి ఒప్పేసుకుని, ఊగుతున్న పెచ్చులు నాలుగు రాల్చి, తుప్పు మీదే సిమెంటు మెత్తి వెళ్లిపోతాడు. ఒకటో రెండో వానాకాలాలు గడిస్తే అక్కడే మళ్లీ ఊడుతుంది. ఇలాంటి పనికి రోజు కూలీ ఇచ్చి, "నిదానంగా చెక్కండి, నాకు చూపించాకే పూత" అని చెప్పుకోవడం మేలు. బాత్రూములో చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడం, పాత గోడలో కాలిపోయిన వైరు పట్టుకోవడం, బంగాళా పెంకు తిరగనేయించడం, ఇవన్నీ ఆ జాతే.

రంగులు, కొత్త టైల్స్, ప్లాస్టరింగ్, ప్రహరీ గోడ మాత్రం గుత్తకే. చదరపు అడుక్కి ఇంత, స్కర్టింగైతే, అంటే గోడ అడుగున వేసే టైలు పట్టీకి, పొడుగు మీద రన్నింగ్ అడుక్కి ఇంత. కొత్త వైరింగు పాయింటు లెక్కన, గ్రిల్లు కిలో లెక్కన. గ్రిల్లు బిగించకముందే కాటా పెట్టించండి, గోడలోకి వెళ్లాక తూకం ఎవరూ వెయ్యలేరు.

గుత్త రేటు చెప్పగానే ఎక్కువో తక్కువో తేల్చుకోవాలంటే దాన్ని రోజుల్లోకి మార్చి చూడాలి. మా వైపు ఈమధ్య అడుగుతున్న రేట్లతో లెక్క చెప్తాను, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. ఏడడుగులకి ఐదడుగుల బాత్రూము, టైల్స్ ఏడడుగుల ఎత్తు వరకూ అనుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 24 అడుగులు, ఏడుతో గుణిస్తే 168. రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే 150. నేల 35 కలిపితే మొత్తం 185 చదరపు అడుగులు. టైల్ మేస్త్రీ అడుక్కి 40 అన్నాడు, అంటే 7,400. అదే మేస్త్రీ రోజు కూలీ 1,200, సాయం మనిషికి 800, కలిపి రోజుకి 2,000. అంటే ఆ గుత్త నాలుగు రోజుల లోపు పని. బాత్రూములో మూలలు, కొళాయిల దగ్గర కోతలు ఎక్కువ కాబట్టి ఒక జత రోజుకి యాభై, అరవై అడుగులకి మించి శుభ్రంగా వెయ్యలేదు. ఆ లెక్కన మూడున్నర రోజులు. రేటు న్యాయమైనదే, ఇంక బేరమాడక్కర్లేదు. ఇదే పనికి ఎవరైనా 4,000కి చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. రెండు రోజుల్లో ముగించాలని పరిగెడతాడు, టైలు వెనక మాలు నిండా పెట్టడు, నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అంటిస్తాడు. వేశాక రూపాయి బిళ్లతో ప్రతి టైలూ కొట్టి చూస్తే, డొల్ల శబ్దంతో అసలు రంగు తెలుస్తుంది.

రోజు కూలీకి పెట్టుకుంటే కష్టమంతా మనమే ముందు రోజు పడాలి. ఇసుక, సిమెంటు, నీళ్లు రాత్రికే సిద్ధంగా ఉండాలి. తొమ్మిదింటికి మనుషులు దిగి ఇసుక బండి పదకొండింటికి వస్తే ఆ రెండు గంటల కూలీ మనదే, వాళ్లననడానికి లేదు. ఒక మేస్త్రీకి ఎంతమంది సాయమో ముందే అడగండి. చిన్న రిపేరుకి ఒక్కరు చాలు, ప్లాస్టరింగుకి ఇద్దరు కావాలి. మధ్యాహ్నం వాన వచ్చి ఆగిపోతే ఒంటిపూట ఇస్తారా, పూర్తిగా ఇస్తారా అన్నదీ మొదటిరోజు పొద్దున్నే అనుకోవాలి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు దగ్గరుండి ఈరోజు ఎంతవరకూ అన్నది గోడ మీద సుద్దతో గీత పెట్టుకుంటే చాలు. మేస్త్రీ, ఇద్దరు కూలీలు కలిసి గోడ ప్లాస్టరింగు రోజుకి వంద అడుగులు, అటూ ఇటూగా లాగుతారు. అందులో సగం కూడా కాకపోతే అప్పుడు అడగండి. రోజంతా నెత్తిన నిలబడితే ఏ మనిషికీ చెయ్యి సాగదు. రెండుపూటలా టీ మన ఖర్చే, దాని దగ్గర పిసినారితనం చూపించకండి.

గుత్తలో అసలు తగాదా రేటు దగ్గర రాదు, రేటులో ఏవి కలిసున్నాయో చెప్పుకోకపోవడం వల్ల వస్తుంది. పాత టైల్స్ పగలగొట్టేదెవరు? ఆ రాళ్లూ రప్పలూ ట్రాక్టరుకెత్తి బయట పారబోయించేదెవరు? మేడ మీదికి బస్తాలు మోసేదెవరు? పరంజా కర్రల అద్దె ఎవరిది? నీళ్లు పట్టేదెవరు? ప్లాస్టరింగుకి కనీసం వారం రోజులు తడి ఆరకూడదు, గుత్త మేస్త్రీ మర్నాడే ఇంకో ఇంటికి వెళ్లిపోతాడు. ఆ పని మేమే చేసుకుంటామని ముందే చెప్పి అడుక్కి ఒకటో రెండో తగ్గించుకోవచ్చు. ఇవన్నీ ఒక నోటుబుక్కు పేజీలో రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టి, ఫోటో తీసి మేస్త్రీ వాట్సాప్‌కి పంపేస్తాను. మొదట్లో మా మేస్త్రీ "ఇదేంటమ్మగారూ, నా మీద నమ్మకం లేదా" అని నొచ్చుకున్నాడు. ఇప్పుడు పక్కింటివాళ్ల పని ఒప్పుకున్నా ముందు కాగితం అడుగుతున్నాడు, ఎగవేతలు ఆయనకీ తక్కువేం లేవు.

కొలత పద్ధతి కూడా అదే పేజీలో ఉండాలి. పెయింటర్లు తలుపులూ కిటికీలూ కలిపే గోడంతా కొలుస్తారు. ప్లాస్టరింగు కొలతలకి ఐ.ఎస్. 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీలకి కొలతలోంచి కోత లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉన్న తలుపూ కిటికీలకి, గోడ రెండువైపులా పూత వేస్తే ఒకవైపే కోత. రెండోవైపుది గుమ్మం పక్కల పనికి సరిపెడతారు. మూడడుగులకి ఏడడుగుల మామూలు గుమ్మం దాదాపు రెండు చదరపు మీటర్లు, అంటే ఈ అర నుంచి మూడు మీటర్ల లెక్కలోకే వస్తుంది. మేస్త్రీతో ఈ అంకె చెప్తే వాదన అక్కడితో ఆగుతుంది.

మెటీరియల్‌తో కలిపి గుత్తకిస్తామంటే బ్రాండు పేరు, రకం, రంగు ఎన్ని పూతలు (కోట్లు), లప్పం ఎన్నిసార్లు అన్నీ రాయించాలి. పన్నెండుకి పది అడుగుల గది, పదడుగుల ఎత్తు అయితే గోడలు 440, కప్పు 120, మొత్తం 560 అడుగులు. లీటరు రంగు రెండు కోట్లకి ఎంత మేర వస్తుందో డబ్బా మీదే ఉంటుంది. 120 నుంచి 140 అడుగులు వచ్చే రకమైతే ఈ గదికి నాలుగు లీటర్ల పైచిలుకు పట్టాలి. ఖాళీ డబ్బాలు పారెయ్యొద్దని చెప్పి, చివర్న లెక్కపెట్టండి. మూడు లీటర్లతో ముగిసిపోయిందంటే రెండో కోటులో నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. నా మటుకు నేను రంగులు నేనే కొని లేబరు గుత్త మాత్రమే ఇస్తాను.

ఒకే పనిలో రెండు పద్ధతులూ కలపొచ్చు. బాత్రూము తిరగ చేయించేటప్పుడు పగలగొట్టి పైపులు మార్చేదాకా రోజు కూలీ, వాటర్ ప్రూఫింగ్ అయ్యి నీళ్లు నిలవగట్టి ఒక రోజు చూసి కింద చెమ్మ లేదని తేలాక, టైల్స్ గుత్తకి. నేల వాటం సంగతి గుత్త కాగితంలో రాయించుకోండి: బకెట్ నీళ్లు పోస్తే జాలీ దాకా వాటంతట అవే పోవాలి, మూలల్లో నిలవకూడదు.

డబ్బులిచ్చే వరస కూడా వేరు. రోజు కూలీకి శనివారం శనివారం బట్వాడా, అదీ చీకటి పడకముందే, చిల్లరతో సహా. గుత్తకి అడ్వాన్సు పదో వంతు, తరవాత కొలిచిన పనికి కొలిచినంత. ఆఖరి పదో వంతు వాటం చూసి, టైల్స్ కొట్టి చూశాకే. సంక్రాంతి ముందు అడ్వాన్సు ఇంకొంచెం అడుగుతారు, పని జరిగినంత మేరకి మించకుండా ఇవ్వండి. మేస్త్రీ మధ్యలో వదిలేసి వెళ్తానంటే అరవకండి. టేపు తెచ్చి, ఆయన్ని పక్కన పెట్టుకునే కొలిచి, అదే నోటుబుక్కులో రాసి, అయినదానికి ఇచ్చి సంతకం తీసుకోండి. తరవాత వచ్చేవాడికి ఆ పేజీ చూపిస్తే మిగిలిన పనికి రేటు చెప్తాడు.