క్రాల్ స్పేస్ మూసే ముందు తడి ఆరాలి: వానలకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నేలకూ ఇంటి ఫ్లోరుకూ మధ్య మనిషి పాక్కుంటూ వెళ్లేంత ఖాళీ ఉంటుంది. అదే క్రాల్ స్పేస్. పైపులు, వైర్లు, ఏసీ డక్టులు అందులోంచే పోతాయి. ఏళ్ల తరబడి ఎవరూ తొంగి చూడరు. అయితే ఇంట్లో వెచ్చటి గాలి పైకి లేచి అటక సందుల్లోంచి బయటికి పోయినప్పుడల్లా, ఆ మేరకు కింది గాలి ఫ్లోరు సందుల్లోంచి గదుల్లోకి వస్తుంది. కింద ముక్కవాసన ఉంటే పడగ్గదిలోనూ అదే వాసన.

ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు, నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు కొనుక్కొచ్చి దాంతోనే మొదలుపెట్టడం. ముందు నీళ్లు ఆగాలి. ఆ తర్వాత చెక్క ఆరాలి, చెదలూ ఎలుకల సంగతి తేలాలి. సందులు మూయడం, షీటు పరచడం, వేడీ చలీ దాటకుండా ఆపే ఇన్సులేషన్ పెట్టడం వాటి తర్వాతి పనులు. ఈ వరస తప్పితే లోపలి తడి బయటికి పోయే దారి లేక దూలాల్లోకి ఎక్కుతుంది. ఏమీ చేయకుండా వదిలేసిన ఇంటికన్నా అదే త్వరగా పాడవుతుంది. అందుకే వానలు మొదలయ్యాక కాదు, పొడి రోజులు ఉండగానే దిగాలి. తడి గోడకు సందులు పూడ్చే సీలెంటు కూడా పట్టదు.

లోపలికి దిగే ముందు

అక్కడి వైరింగుకు కరెంటు ఆపేయండి. నేల మీద నీళ్లు నిలిచి వైర్లు వేలాడుతుంటే అసలు దిగొద్దు. బయట ఒక మనిషి ఉండాలి. మోకాళ్లకు ప్యాడ్లు, నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, కనీసం ఎన్95 మాస్కు తప్పనిసరి. ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము పీల్చడం ప్రమాదం. ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి కవర్లో కట్టేయండి. పాత ఇళ్లలో పైపులకు తెల్లగా, పొడిపొడిగా రాలే చుట్ట కనిపిస్తే ముట్టుకోకండి. అది పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్బెస్టాస్ కావచ్చు.

ముందు బయటి నీళ్లు

లోపలికి వచ్చే తడిలో చాలా భాగం బయటే ఆపగలిగింది. పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలన్నా వాలుగా ఉండాలి. చూరు నీళ్ల గొట్టం పునాది మూలలోనే పోస్తుంటే, కనీసం 5, 6 అడుగుల దూరానికి పొడిగించండి. ఈ చిన్న పని చేయకుండా లోపల ఎంత ఖరీదైన షీటు వేసినా దాని కింద నీళ్లు చేరుతూనే ఉంటాయి. బయట సరిచేశాక కూడా నీరు ఊరుతుంటే లోపల గోడ వెంట కాలువ తీసి, చిల్లుల పైపు వేసి, గుంటలో చేరిన నీటిని బయటికి తోడే సంప్ పంపు పెట్టాల్సిందే.

గోడ మీద చెమ్మ ఎక్కడిదో తెలియకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పు అల్యూమినియం ఫాయిలును గోడకు నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి. ఫాయిలు వెనక తడి ఉంటే గోడలోంచి వస్తోంది. పైన చెమట పట్టినట్టు బొట్లు ఉంటే గాలిలోని తేమ చల్లబడి నీరవుతోంది. రెండూ వేరు జబ్బులు, మందూ వేరు.

కిటికీల్లాంటి వెంట్లు తెరిచి ఉంచితే గాలాడి ఆరుతుందని చాలామంది నమ్మకం. పొడి వాతావరణంలో అది నిజమే. ఉక్కపోత రోజుల్లో మాత్రం తిరగబడుతుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి సుమారు 24 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు కారుతుంది. నేల పక్కన గోడలు, పైపులు, ముఖ్యంగా ఏసీ డక్టులు అంతకన్నా చల్లగా ఉంటాయి. తెరిచిన వెంటు అప్పుడు తడిని లోపలికి పిలుస్తుంది.

దూలాలు చెప్పే సంగతి

తేమ మీటరు సూదులు దూలంలో గుచ్చి చూడండి. 16 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 దాటితే ఇన్సులేషన్ మాట ఎత్తొద్దు, ఫ్యానూ, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయరూ పెట్టి ఆరబెట్టండి. స్క్రూడ్రైవర్ మొనతో దూలం చివర్లు, గోడ మీద ఆనే చోటు పొడిచి చూడండి. గట్టి చెక్క టక్కుమంటుంది. పుచ్చిన చెక్కలో మొన మెత్తగా దిగిపోతుంది. దాన్ని మార్చాకే మిగతా పని.

చెదలు గోడ మీద పెన్సిలంత మట్టి గొట్టాలు కట్టుకుంటూ చెక్కకు ఎక్కుతాయి. గొట్టాన్ని మధ్యలో అంగుళం మేర విరవండి. లోపల తెల్లటి పురుగులు కదిలినా, కొన్ని రోజుల్లో గొట్టం మళ్లీ అతుక్కున్నా, చెద బతికే ఉంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన చెద పోయిందని అనుకోకండి. మట్టికి మందు కొట్టించాల్సింది షీటు వేయకముందే. పాత చెక్క ముక్కలు, అట్టపెట్టెలు ఒక్కటీ మిగలకుండా బయటికి తీసేయండి, అవి చెదకు మేత.

చుంచెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరుతుంది, పెద్ద ఎలుకకు 12 చాలు. వట్టి ఫోము కొడితే రాత్రికి రాత్రే కొరికేస్తుంది. పైపు చుట్టూ రాగి జాలీనో స్టీల్ ఊలునో గట్టిగా కుక్కి, దాని మీద సీలెంటు పూయండి. పెద్ద కన్నాలకు 6 మిల్లీమీటర్ల గళ్ల ఇనుప జాలీ. అన్నీ మూసేముందు లోపల ఏ జంతువూ లేదని రూఢి చేసుకోండి.

షీటు

6 మిల్ అంటే 0.15 మిల్లీమీటర్ల పాలిథిన్ కనీసం. లోపల మళ్లీ మనిషి తిరగాల్సి వస్తే 12 నుంచి 20 మిల్ మందం మేలు. రాళ్లు, మేకులు ఏరేసి నేల చదును చేయండి. అంచు మీద అంచు 12 అంగుళాలు ఎక్కాలి. ప్యాకింగు టేపు కొన్ని నెలల్లోనే ఊడిపోతుంది కాబట్టి షీటు కోసమే చేసిన టేపు వాడండి. అతికించే చోట దుమ్ము తుడవకపోతే అదీ నిలవదు. గోడను వైరు బ్రష్షుతో రుద్ది, సీలెంటు పూసి, షీటు అంచును పట్టీతో, స్క్రూలతో బిగించండి. గోడ పైభాగంలో 3 అంగుళాలు ఖాళీగా వదలండి. ఆ ఖాళీలోనే చెద గొట్టం ఎక్కుతుంటే కంటపడుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. 30 అడుగులు, 40 అడుగుల స్థలం 1,200 చదరపు అడుగులు. చుట్టుకొలత 140 అడుగులు, గోడ ఎత్తు 3 అడుగులైతే పైన వదిలింది పోను 2.75 అడుగులు, అంటే మరో 385. మొత్తం 1,585. అతుకులకూ వృథాకూ 15 శాతం కలిపితే సుమారు 1,820 చదరపు అడుగులు తెప్పించుకోవాలి. స్తంభాల చుట్టూ వేసేది దీనికి అదనం.

ఇన్సులేషన్

వెంట్లు మూసేస్తే ఇన్సులేషన్ గోడలకు, తెరిచి ఉంచితే ఫ్లోరుకు. మూసిన క్రాల్ స్పేస్‌లో దూలాల మధ్య దూది లాంటి ఫైబర్‌గ్లాస్ కుక్కొద్దు. తేమకు బరువెక్కి జారుతుంది, ఎలుకలకు గూడవుతుంది. గోడకు 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఫోము బోర్డు మంచిది, ఆర్-10 విలువ ఇస్తుంది. ఆర్ విలువ ఎంత ఎక్కువైతే వేడిని అంత బాగా ఆపుతుంది. బోర్డు అడుగు మట్టికి తగలకూడదు, పైన అదే 3 అంగుళాల ఖాళీ వదలాలి. ఫోము మండుతుంది కనుక, దాని మీద ఏ కప్పు వేయాలో స్థానిక నిర్మాణ నిబంధనల్లో చూసుకోండి.

ఎప్పుడు మూయకూడదు

క్రాల్ స్పేస్‌లోని గాలితోనే మండే గ్యాస్ హీటరు ఉంటే వెంట్లు మూయొద్దు. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తన్ని ఇంట్లోకి చేరుతుంది, ప్రాణాలు పోతాయి. ముందు బయటి గాలిని గొట్టంతో తీసుకుని మండే సీల్డ్ కంబషన్ రకం పెట్టించుకోండి, పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించండి. వరద నీరు పోవడానికి పెట్టిన వెంట్లు ఉంటే వాటినీ ముట్టుకోకండి. బట్టలు ఆరబెట్టే మెషీను గొట్టం కిందకి వదిలేసి ఉంటే బయటికి తిప్పండి. మూసే ముందూ తర్వాతా, నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్ కోసం పరీక్ష చేయించడం మంచిది.

మూశాక గాలిని అలాగే వదిలేయకూడదు. డ్రెయిన్ గొట్టం ఉన్న డీహ్యూమిడిఫయరును 50 శాతం తేమ దగ్గర పెట్టండి. లేదా ఇంట్లోని ఏసీ గాలిని ప్రతి 50 చదరపు అడుగులకు నిమిషానికి 1 ఘనపు అడుగు చొప్పున లోపలికి వదలండి. పై ఉదాహరణలో అది 24 అవుతుంది. గాలిలో తేమ చూపే మీటరు రీడింగు ఇంట్లోంచే కనిపించేలా పెట్టుకోండి, రోజుల తరబడి 60 శాతం దాటి ఉంటే ఎక్కడో లీకు. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు టార్చి పట్టుకుని దిగి, షీటు కింద నీటి ఉబ్బు ఉందేమో, గోడ మూలల్లో టేపు లేచిందేమో చూడండి.