స్పానిష్ మనకు మనమే – 9వ పాఠం: ‘సె’ అందరికీ ఒకటే కాదు

ఈసారి భూతకాలం మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టాను. ‘యో సె లెబాంతో’ (నేను లేస్తాను అనబోయి), ‘తు సె లాబాస్’ (నువ్వు కడుక్కుంటావు), ‘నోసోత్రోస్ సె బన్యామోస్’ (మనం స్నానం చేస్తాం)... ఒక్కరో ఇద్దరో కాదు, ఎక్కువమంది ఇట్లనే రాశారు. ముందు ఈ లొల్లి తేలాలి.

ఎందుకిట్లా అవుతుందంటే, నిఘంటువులో లబార్సె (కడుక్కొను), లెబంతార్సె (లేవడం) అని ఉంటుంది కాబట్టి, ‘తనను తాను’ అని చెప్పే ఆ ‘సె’ క్రియకు పుట్టుకతో అతికి ఉందనుకున్నారు. మన తెలుగు కూడా దానికి తోడైంది. కడుక్కున్నాను, కడుక్కున్నావు, కడుక్కున్నారు. వీటి నడుమ ఉన్న ‘కొను’ ఎవరు కడుక్కున్నా మారదు, మారేది చివరి ముక్క ఒక్కటే. అదే అలవాటుతో ‘సె’ని కదలకుండా ఉంచి చివర మాత్రమే మార్చారు. స్పానిష్‌లో రెండూ మారాలి. మె లాబో (నేను), తె లాబాస్ (నువ్వు), సె లాబా (అతను, ఆమె), నోస్ లబామోస్ (మనం), ఓస్ లబాయిస్ (మీరంతా), సె లాబాన్ (వాళ్ళు). నిఘంటువు ఎవరి గురించీ చెప్పడం లేదు కాబట్టి ‘సె’ పెట్టి ఊరుకుంది, మనిషి రాగానే అది ఆ మనిషిని బట్టి మారాల్సిందే. ‘యో’ అన్న వాక్యంలో ‘సె’ కనబడితే ఎర్ర పెన్ను తీయండి. ‘నేను కడుక్కున్నాడు’ అన్నట్టు ఉంటుంది వినేవాళ్ళకు.

ఈ ఆరింటిలో ‘ఓస్’ స్పెయిన్ మాట. మెక్సికో, కొలంబియా, అర్జెంటీనాలో ‘మీరంతా’ అనడానికి ఉస్తెదెస్ అంటారు, దానికి ‘సె’నే వస్తుంది. మాడ్రిడ్‌లో చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళు నేర్చుకోండి, మిగతావాళ్ళు చదివితే అర్థమయ్యేంత వరకు చాలు. నేను మాట్లాడేటప్పుడు వాడను. ఇక అకోస్తార్సె (పడుకొను) నుంచి వచ్చే మె అకువెస్తోలో ‘ఓ’ పోయి ‘ఉవె’ ఎట్లొచ్చిందో ఆరో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్పే పుస్తకాలు ఈ పాఠానికి చాలా తిప్పలు పడతాయి. ఇంగ్లీషువాడు స్నానం చేసినా, లేచినా, బట్టలు వేసుకున్నా ‘మైసెల్ఫ్’ అనడు గదా, మరి స్పానిష్‌వాడు ప్రతిసారీ ఎందుకు అంటాడో వాళ్ళకు ఎక్కించాలి. మనకు ఆ బాధ లేదు. లాబో లా మోతో అంటే బండి కడుగుతాను, మె లాబో లాస్ మానోస్ అంటే చేతులు కడుక్కుంటాను. అకువెస్తో అల్ నిన్యో అంటే పిల్లాణ్ణి పడుకోబెడతాను, మె అకువెస్తో అంటే పడుకుంటాను. సెంతార్సె కూర్చొను, పెయినార్సె దువ్వుకొను, పొనెర్సె లాస్ గాఫాస్ కళ్ళద్దాలు పెట్టుకొను, కసార్సె పెళ్ళి చేసుకొను. చూశారా, అన్నిట్లో ‘కొను’ ఉంది. చేతులు కడుక్కునే వాక్యంలో ‘మిస్ మానోస్’ అని మాత్రం రాయకండి. ఎవరి చేతులో ‘మె’ చెప్పేసింది, మనం కూడా ‘నా చేతులు కడుక్కున్నా’ అనం.

‘కొను’ లేని చోట కూడా తెలుగు ఒక దారి ఇస్తుంది, ‘పోవు’. బోయ్ ఆ కాజీపేట అంటే కాజీపేటకు వెళ్తున్నా, మె బోయ్ అంటే వెళ్ళిపోతున్నా. కయెర్సె పడిపోవు, ఒల్బిదార్సె మర్చిపోవు, మొరీర్సె చచ్చిపోవు. తినడానికి కొమెర్ ఉంది, పిల్లాడు గిన్నెలోది మొత్తం ఊడ్చేస్తే సె లో కొమె తోదో, అంతా తినేస్తాడు. ఇంగ్లీషు పుస్తకం ఇవన్నీ మినహాయింపుల కింద వేస్తుంది. మనకు చెవికి తెలిసిన సంగతే.

అట్లా అని కళ్ళు మూసుకుని ‘కొను’ కనబడ్డ ప్రతిచోటా ‘సె’ తగిలించొద్దు. నేర్చుకొను అప్రెందెర్, ఎంచుకొను ఎలెహీర్, ఒప్పుకొను అసెప్తార్, అనుకొను పెన్సార్. వీటికి మామూలుగా ‘సె’ ఉండదు. లేవడానికి తెలుగులో ‘కొను’ లేదు, లెబంతార్సెకు ‘సె’ ఉంది. ఇలాంటివి కంఠతా పట్టాల్సిందే.

ఇక నన్ను నిజంగా పరేషాన్ చేసే తప్పు ఒకటుంది. ‘మె యామో ఎస్ రమేశ్.’ ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ వస్తుంది. మొదటి రోజే ‘మె యామో అంటే మై నేమ్ ఈజ్’ అని ఎవరో నేర్పుతారు, అక్కడ పడుతుంది బీజం. ఆ ‘ఈజ్’ ఎక్కడ పోయిందని వెతికి మీరే ఒక ‘ఎస్’ తెచ్చి అతికిస్తారు. యామార్ అంటే పిలవడం. యామో ఆ మి ఎర్మానో అంటే అన్ననో తమ్ముణ్ణో పిలుస్తాను, ఫోన్ చేస్తాను అని కూడా. మె యామో అంటే నన్ను నేను పిలుచుకుంటాను. అందులో పూర్తి క్రియ ఉంది, ఇంకో క్రియకు చోటు లేదు. నన్ను నేను రమేశ్ అని పిలుచుకుంటాను ఉన్నాను అంటారా? అనరు. మరీ ‘ఎస్’ మీద మనసుంటే ‘మి నోంబ్రె ఎస్ రమేశ్’ అనండి, అది వేరే వాక్యం, తప్పు లేదు. అక్కడ ‘మి’ అంటే నా, ఇక్కడ ‘మె’ అంటే నన్ను. ఈ రెంటినీ కలిపి ‘మి యామో’ అని రాసేవాళ్ళు ఇంకో రకం. అడిగేటప్పుడు కోమో తె యామాస్, మర్యాదగా కోమో సె యామా ఉస్తెద్. వస్తువులకూ ఇదే: ఎల్ లాగో సె యామా భద్రకాళి. చెరువు తనను తాను పిలుచుకోదు గదా అని వాదించకండి, పేరు చెప్పడానికి వాళ్ళ పద్ధతి అది. బ్యూనస్ ఎయిర్స్‌లో దీన్నే ‘షామో’ అంటారు, కంగారుపడొద్దు.

ఈ మె, తె, సెలను ఎక్కడ పెట్టాలన్నదాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మనిషిని బట్టి మారిన క్రియకు ముందు పెట్టాలి, ‘నో’ ఉంటే దాని తర్వాత: నో మె లెబాంతో. రెండు క్రియలు వస్తే మొదటిదానికి ముందైనా, రెండోదానికి వెనక అతికించైనా: మె బోయ్ ఆ లెబంతార్, బోయ్ ఆ లెబంతార్మె, రెంటికీ లేవబోతున్నాను అనే అర్థం. నడుమ విడిగా ‘బోయ్ ఆ మె లెబంతార్’ కుదరదు. నేను ముందే పెడతాను, తర్వాత మర్చిపోయే భయం ఉండదు. ఆజ్ఞల్లో ఇది తలకిందులవుతుంది, లెబాంతాతె (లే). వద్దన్నప్పుడు మాత్రం మళ్ళీ ముందుకే, నో తె లెబాంతెస్ (లేవకు). అది వచ్చే పాఠంలో.

అభ్యాసం. మీ ఇంటివాళ్ళంతా మేడారం జాతరకు బయలుదేరిన రోజును వర్తమానంలో రాయండి, పదిహేను వాక్యాలు, నోసోత్రోస్‌కు వచ్చే క్రియారూపంతో. తెల్లవారుజామున లేవడం, పిల్లల తల దువ్వడం (ఇక్కడ ‘సె’ రాదు, ఆలోచించండి), బస్సులో కూర్చోవడం, నిద్ర పట్టేయడం, జంపన్న వాగులో స్నానం, తిరిగి వెళ్ళిపోవడం, అన్నీ ఉండాలి. అవే వాక్యాలు మీ అమ్మ ఒక్కతే వెళ్ళినట్టు మార్చండి. ఆ తర్వాత దోస్తుకు చెప్తున్నట్టు ‘తు’కు వచ్చే రూపంతో మార్చండి. యో, తు, ఎయా (ఆమె), నోసోత్రోస్ అన్న మాటలు ఎక్కడా రాయొద్దు. ఎవరి గురించి చెప్తున్నారో మె, తె, సె, నోస్, క్రియ చివర, ఈ రెంటిని బట్టే నాకు తెలియాలి. ఆదివారం లోపు పంపండి.