తడి సున్నం మీద బొమ్మ: ఆజామ్ పద్ధతిలో ఒక ఫ్రెస్కో పలక

కాస్మస్ డామియన్ ఆజామ్ (1686–1739) జర్మనీలోని బవేరియాలో చర్చిల కప్పులకు బొమ్మలు వేసినవాడు. తండ్రి హాన్స్ గెయోర్గ్‌దీ అదే పని. రోమ్ వెళ్ళి 1713లో అక్కడి చిత్రకారుల సంస్థ సెయింట్ లూక్ అకాడమీ బహుమతి అందుకున్నాడు. తిరిగొచ్చాక ఎన్నో చర్చిల్లో రంగు పని తనది, గచ్చు శిల్పాలు తమ్ముడు ఎగిడ్ క్విరిన్‌వి. ఆయన బతుకును తేదీల్లో చదవడం కంటే, తడి సున్నపు గచ్చు మీద రంగులు వేసే ఫ్రెస్కో పద్ధతిలో అడుగు చదరం పలక ఒకటి వేసి చూడండి. ఆ వృత్తిలో గడియారమూ క్యాలెండరూ రెండూ సున్నమే. చలికి తడి గచ్చు గడ్డకడితే పొరలుగా ఊడిపోతుంది. అందుకే కప్పు పని వెచ్చటి నెలల్లోనే సాగేది.

సున్నంతో మొదలెడదాం. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో చల్లార్చి, పైన నీళ్ళు నిలిచేలా కనీసం ఆరు నెలలు ఉంచిన ముద్ద కావాలి. తమలపాకుకు రాసే సున్నంలా వెన్నగా ఉండాలి. సరిగా చల్లారని గింజలు మిగిలితే గోడెక్కాక నీరు పీల్చి ఉబ్బుతాయి, రంగుతో సహా చిన్న గుంటలు లేస్తాయి. కాబట్టి సన్న జల్లెడ పట్టాల్సిందే. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్ళు పోసి కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అడుగు చదరం మట్టి బిళ్లను, గరుకు వైపు పైకి పెట్టి, రాత్రంతా నానబెట్టండి. మొదటి పూతకు ఒక వంతు సున్నం, మూడు వంతుల కడిగిన ఏటి ఇసుక, మందం ఒక సెంటీమీటరు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు తర్వాత తెల్లగా పైకి తేలుతుంది. తాపీ అంచుతో గీతలు గీసి, అప్పుడప్పుడు నీళ్ళు చిలకరిస్తూ వారం పది రోజులు వదిలేయండి.

ఈలోగా బొమ్మను అసలు కొలతలో కాగితం మీద గీయండి. పలకకు ఇది తేలికే, అసలు కష్టం వంపు తిరిగిన కప్పు దగ్గర. జెస్యూట్ అనే క్రైస్తవ మత సంఘానికి చెందిన ఇటలీ చిత్రకారుడు ఆంద్రేయా పొట్జో చెప్పిన ఉపాయం ఇది: వంపు మొదలయ్యే ఎత్తులో దారాల వల కట్టి, కింద చూసేవాడి కన్ను ఉండేచోట దీపం పెట్టి, కప్పు మీద పడ్డ నీడల వెంట గళ్ళు గీసుకోవడం. బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ ఊళ్ళో మరియా దె విక్టోరియా చర్చిలో ఆజామ్ 1734లో బొమ్మ వేసిన కప్పు మాత్రం చదునైనదే. ద్వారం దగ్గర సరైన చోట నిలబడితే లోతుగా తెరుచుకుంటుంది, పక్కకు జరిగితే స్తంభాలు ఒరిగిపోతాయి.

బొమ్మ వేసే రోజు తెల్లవారుజామునే పలక తడిపి రెండో పూత వేయండి. ఒక వంతు సున్నం, రెండు వంతుల సన్న ఇసుక, అర సెంటీమీటరు లోపు. వేలితో నొక్కితే చల్లగా తగిలి, గుంట పడని స్థితి రావాలి. అంతకు ముందే కుంచె పెడితే సున్నం లేచి రంగు పాలిపోతుంది. కాగితం పరిచి మొండి మేకుతో గీతల వెంట నొక్కితే గచ్చులో సన్నటి గాడి పడుతుంది. పాత ఫ్రెస్కోల మీద పక్క నుంచి దీపం వేస్తే ఇలాంటి గాడులే కనిపిస్తాయి.

రంగులు నీళ్ళతోనే నూరాలి, జిగురు వద్దు. జాజు, పసుపు మట్టి, అంబర్ అనే ముదురు గోధుమ మట్టి, ఆకుపచ్చ మట్టి సున్నానికి తట్టుకుంటాయి. ప్రష్యన్ నీలం సున్నంలో విరిగి గోధుమ రంగుకు తిరుగుతుంది. తెలుపుకు సున్నమే వాడండి, సీసపు తెలుపు గోడ మీద నల్లబడుతుంది. పలచటి పూతలుగా, లేత నుంచి ముదురుకు వెళ్ళండి. ఆరాక అన్నీ తేలిపోతాయి కనుక ప్రతి రంగునూ ముందు ఎండిన గచ్చు ముక్క మీద రాసి చూడాలి.

ఐదారు గంటలు దొరుకుతాయి, మన ఎండల్లో అందులో సగమే. ఇంతసేపూ జారిన కుంచె ఉన్నట్టుండి పట్టేసి, గచ్చు రంగును గుటుక్కున మింగుతున్నట్టుంటే ఆపేయండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్ళీ రాయిగా మారుతూ రంగును పొరలో బంధిస్తుంది. ఆ పొర కట్టాక వేసిన రంగు తుడిస్తే చేతికొస్తుంది. ఇందుకే కప్పు మీద ఒక రోజుకు సరిపడా గచ్చే వేసేవారు. మిగిలిన అంచును మబ్బు చివరో వస్త్రం మడతో చూసుకుని ఏటవాలుగా కోసేసేవారు, మర్నాటి అతుకు అక్కడ దాక్కునేది.

పగుళ్ళు వస్తే సున్నం ఎక్కువైందనో, ఎండ తగిలిందనో అర్థం. ఫ్యాను కింద పెట్టకండి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. తప్పు పోయిన చోట గచ్చు చెక్కి మళ్ళీ వేయడమే సరైన దారి. ఆరిన గోడ మీద పాలవిరుగుడు జిగురుతో దిద్దుబాట్లు చేయొచ్చు, కానీ ముందుగా రాలేవి అవే.