సిజేరియన్‌తో పుట్టిన పంది పిల్లలు: మొదటి రోజు చేయాల్సిన పనులు

కోసి తీసిన పిల్లలకు గ్రోత్ హార్మోన్ తక్కువని, అందుకే ఎదగవని ముందే తేల్చేయకండి. అసలు చూడాల్సింది ఆపరేషన్ ఎప్పుడు జరిగిందన్నది. పంది సుమారు 114 రోజులకు ఈనుతుంది. ఈనే ముందు చివరి రోజుల్లో పిల్ల ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. ఊపిరితిత్తులు, పేగులు పక్వానికి రావడం, కాలేయంలో గ్లైకోజెన్ (శక్తికి దాచుకునే పిండిపదార్థం) చేరడం దాని పనే. నొప్పులు రాకముందే కోస్తే పిల్లకు ఆ ఊపు పూర్తిగా అందదు. ఆయాసపడుతుంది, ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. నొప్పులు వచ్చి పిల్ల అడ్డం పడ్డాక చేసిన ఆపరేషన్‌లో ఈ కొరత తక్కువ. అక్కడ ముప్పు వేరు: లోపల ఆక్సిజన్ అందక పిల్ల నీరసిస్తుంది. అందుకే దాటించిన తేదీ, నొప్పులు మొదలైన టైము రాసి పెట్టుకోవాలి.

గ్రోత్ హార్మోన్ మాటకొస్తే, పుట్టిన పిల్ల రక్తంలో అది ఎక్కువగానే ఉంటుంది. దాన్ని అందుకునే గ్రాహకాలే కాలేయంలో అప్పటికి తక్కువ. ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ పాలు కడుపులో పడ్డాక పెరుగుతుంది. కాబట్టి హార్మోన్ ఇంజెక్షన్ అంటే డబ్బు దండగ.

పిల్ల చేతికి రాగానే ముక్కు, నోటి జిగురు తుడిచి, పొడిగుడ్డతో ఒళ్లంతా గట్టిగా రుద్దండి. తల్లికిచ్చిన మత్తు పిల్లకూ కొంత చేరుతుంది కనుక కదలిక లేదని వెంటనే వదిలేయొద్దు. బొడ్డుతాడు 3 సెం.మీ. ఉంచి, దారంతో కట్టి, కత్తిరించి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి.

తర్వాత వెచ్చదనం. పిల్ల ఒంట్లో కొవ్వు 1–2 శాతమే. పెట్టెలో పొడి వరిగడ్డి పరిచి, మొదటి రోజుల్లో 34–35 డిగ్రీలు ఉంచండి. కుప్పగా పడుకుంటే చలి, బల్బుకు దూరంగా జరిగితే వేడి. బెజవాడ మే ఎండకు షెడ్డే 40 దాటుతుంది. అప్పుడు బల్బు ఆర్పి, కుట్లు తడవకుండా తల్లిని చల్లబరచాలి. ముసురు రాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టండి.

అన్నిటికంటే తొందరపడాల్సింది జున్నుపాల విషయంలోనే. తల్లి కడుపులో ఉండగా పంది పిల్లకు యాంటీబాడీలు రావు. జున్నుపాలతోనే రావాలి, వాటిని పీల్చుకునే పేగు తలుపు 24–36 గంటల్లో మూసుకుంటుంది. పిల్లకు మొదటి రోజు 200–250 గ్రాములు పడాలి. తల్లి మత్తులో పొర్లి పిల్లల్ని నొక్కేస్తుంది. పక్కకు పడుకున్నప్పుడు మనిషి దగ్గరుండి చన్నులకు పట్టించాలి. కుదరకపోతే జున్నుపాలు పితికి, గంటన్నరకోసారి 15 మి.లీ. సీసాతో పట్టండి. అదే రోజు ఈనిన మరో పంది జున్నుపాలైనా సరే. ఫ్రీజరులోవైతే గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. కాచితే యాంటీబాడీలు పోతాయి, ఇక మిగిలేది ఉత్త పాలే. పిల్లలు ఎక్కువైతే బలమైనవాటిని గంటసేపు పెట్టెలో ఉంచి, బక్కవాటికి ముందు తాగించండి.

పుట్టగానే ఒకసారి, 24 గంటలకు ఒకసారి తూకం వేయండి. బరువు పెరగలేదంటే తాగలేదనే అర్థం. కిలోలోపు పిల్లల మీద ఎక్కువ కన్నుండాలి. మూడో రోజున 200 మి.గ్రా. ఐరన్ డెక్స్‌ట్రాన్ మెడ కండరంలో వేయించాలి. ఇది మామూలుగా పుట్టినవాటికీ తప్పదు.

పిల్ల అడ్డం ఉండగా సొంతంగా ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే ఇంజెక్షన్) పొడిస్తే గర్భసంచి బిగిసి, బొడ్డుతాడు నొక్కుకుని లోపలి పిల్లలు చస్తాయి. అరగంట ముక్కినా పిల్ల రాకపోతే పశువైద్యుడికో, పశువుల అంబులెన్స్ నంబరు 1962కో ఫోను చేయండి.