హెమటైట్‌లో స్పిన్ ప్రవాహం పుట్టించి కొలిచే పద్ధతి

హెమటైట్ ఒక ఐరన్ ఆక్సైడ్ ఖనిజం. అది విద్యుద్బంధకం, పైగా యాంటీఫెరోమాగ్నెట్, అంటే పక్కపక్క అణువుల అయస్కాంత దిశలు ఎదురెదురుగా ఉండే పదార్థం. అందులో ఎలక్ట్రాన్లు ప్రవహించవు, కానీ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) కదలిక మాగ్నాన్ అలలుగా, అంటే స్పిన్‌ల వరుసలో పాకే అలజడిగా సాగుతుంది. జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయ బృందం 2018లో ఈ స్ఫటికంలోనే స్పిన్ పదుల మైక్రోమీటర్లు ప్రయాణిస్తుందని చూపింది. ఈ ప్రయోగానికి పక్కపక్కన రెండు ప్లాటినం తీగలు చాలు. ఒకదానిలో కరెంటు పంపితే స్పిన్ హాల్ ప్రభావం (కరెంటుకు అడ్డంగా స్పిన్ ప్రవాహం పుట్టడం) వల్ల స్పిన్ స్ఫటికంలోకి దిగుతుంది. రెండోది దాన్ని తిరిగి వోల్టేజిగా మారుస్తుంది.

ఆర్-తలంలో (స్ఫటికంలోని ఒక నిర్దిష్ట వాలు తలం) కోసి నునుపు చేసిన ఏకస్ఫటికం తీసుకోండి. దాని సి-అక్షం, అంటే స్ఫటికపు ప్రధాన అక్షం, ఉపరితలానికి సుమారు 33 డిగ్రీలు వాలి ఉంటుంది. తీగలను ఆ అక్షం నీడ పడే దిశలోనే గీయాలి. ఎసిటోన్, ఐసోప్రొపనాల్‌తో కడిగాక ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీతో (ఎలక్ట్రాన్ పుంజంతో సూక్ష్మ నమూనా గీసే పద్ధతి) తీగలు గీయండి. బంధకం మీద ఛార్జ్ పేరుకుని గీతలు వంకరపోతాయి కాబట్టి రెసిస్ట్ (పుంజం గీతలు పడే పూత) మీద వాహక పాలిమర్ పూయడం తప్పనిసరి.

తీగ కొలతలు: 7 నానోమీటర్ల మందం, 300 నానోమీటర్ల వెడల్పు, 80 మైక్రోమీటర్ల పొడవు. మొదటి జతకు ఎడం 500 నానోమీటర్లు చాలు. ప్లాటినం కింద క్రోమియం, టైటానియం లాంటి అతుకు పొర వేయకండి. స్పిన్ దాటాల్సిన హద్దు అదే, అక్కడ సిగ్నల్ చచ్చిపోతుంది. బంగారు కాంటాక్టుల కింద క్రోమియం ఉన్నా ఫర్వాలేదు.

కరెంటు పెట్టేముందు రెండు తీగల మధ్య నిరోధం చూడండి. అది గిగాఓమ్‌లలో లేకపోతే మీరు కొలిచేది లీకేజీనే.

స్ఫటికాన్ని 200 కెల్విన్‌కు చల్లార్చండి. ఈ చలిలో స్పిన్‌లు సి-అక్షం వెంబడి ఉంటాయి. ఉష్ణోగ్రత 260 కెల్విన్ దగ్గరి మోరిన్ పరివర్తన (స్పిన్‌ల దిశ మారే హద్దు) దాటి పైకి పోతే అవి ఆ అక్షాన్ని వదిలేస్తాయి. 100 మైక్రోఆంపియర్లతో మొదలుపెట్టండి. ఈ తీగలో అది చదరపు మీటరుకు దాదాపు 5×10¹⁰ ఆంపియర్ల సాంద్రత. కరెంటు పెంచేటప్పుడు, వేడికి పెరిగే ప్లాటినం నిరోధాన్నే థర్మామీటర్‌గా వాడుకోండి.

ప్రతి కొలతనూ +, − కరెంట్లతో రెండుసార్లు, నానోవోల్ట్‌మీటర్‌తో తీయండి. రెండింటి తేడాలో సగం స్పిన్ సిగ్నల్. మొత్తంలో సగం జూల్ వేడి తెచ్చిన భాగం. లీకేజీ కూడా తేడాలోనే కలుస్తుంది, నిరోధం ముందే చూడమన్నది అందుకే.

అయస్కాంత క్షేత్రం లేనప్పుడు సిగ్నల్ రాకపోతే కంగారు పడకండి. నీల్ సదిశ (ఎదురెదురు స్పిన్‌లు వరుసతీరిన దిశ) అప్పుడు ప్లాటినం నుంచి దిగే స్పిన్‌కు లంబంగా ఉంటుంది. తీగ వెంబడే క్షేత్రం పెంచుకుంటూ పోతే కొన్ని టెస్లాల దగ్గర స్పిన్-ఫ్లాప్ జరుగుతుంది, అంటే స్పిన్‌లు క్షేత్రానికి అడ్డంగా ఒక్కసారి మళ్లుతాయి. అలా సదిశ పక్కకు తిరగడంతో సిగ్నల్ శిఖరానికి చేరుతుంది. అందుకే 9 టెస్లాల అయస్కాంతం ఉంటే మంచిది. తీగల దిశ కొద్దిగా తప్పినా ఆ శిఖరం చెదిరిపోతుంది.

చివరగా తీగల పాత్రలు మార్చి అదే కొలత మళ్లీ తీయండి. తర్వాత ఎడం పెంచుతూ కొలిచి, సిగ్నల్ ఘాతీయంగా తగ్గే తీరు నుంచి స్పిన్ వ్యాపన దూరం (స్పిన్ సగటున ఎంత దూరం నిలుస్తుందో చెప్పే కొలత) లెక్కగట్టండి.